గురువారం ప్రశ్నలు

"మళ్ళీ వచ్చారా ఇడా? పోయిన వారం చెప్పింది అప్పుడే ఆవిరైపోయిందా?"

లాన్సెస్టన్ ఊరి లైబ్రరీలో ఉన్న పదిమందికీ వినపడేలా అన్నాడు క్లైవ్. ప్రతి గురువారం మధ్యాహ్నం అతను అక్కడ బల్ల వేసుకుని కూర్చుని, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్ళ సందేహాలు ఉచితంగా తీరుస్తాడు. సందేహంతోపాటు అడిగినవాళ్ళ పరువు కూడా తీస్తాడు. అందుకే మొదట్లో వచ్చిన తొమ్మిదిమందిలో ఇడా ఒక్కతే మిగిలింది. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. డెబ్బై రెండేళ్ళు. అల్లరికీ వెక్కిరింతలకీ చలించే రకం కాదు.

ఇడా ఎదురుగా కూర్చుని, సంచిలోంచి మడత కాగితం తీసి, కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"జాబితాకి నకలు తీశాను. నకల్లో ఒక పేరు కొట్టేస్తే అసల్లోనూ పోయింది. ఎందుకని?"

"మీరు నకలు తీస్తేగా! ఒకే ఇంటికి రెండో నేమ్‌బోర్డు తగిలించారంతే. వేరే ఇల్లు కావాలంటే వేరేగా కట్టుకోవాలి. చివర కాపీ అని రాయండి. చిన్నపిల్లలక్కూడా తెలుసు."

ఇడా అతను చెప్పింది చెప్పినట్టు ప్రశ్న కింద రాసుకుంది. వెక్కిరింత మాత్రం వదిలేసింది.

"ప్రోగ్రాం ఒకచోటే గిరగిరా తిరుగుతోంది. ఎంతకీ ఆగదు. బయటికి రావడం ఎలా?"

"ఎప్పుడు చాలించాలో మీరు చెప్పలేదు కనక తిరుగుతోంది. ఒక షరతు పెట్టి, దాని కింద బ్రేక్ అని రాస్తే బయటపడతారు. బస్సు నడిపారుగా, బ్రేకంటే ఏమిటో తెలీదూ?"

తన హాస్యానికి తనే పగలబడి నవ్వాడు క్లైవ్. పుస్తకాల బండి తోసుకొస్తున్న లైబ్రరీ అమ్మాయి ముఖం చిట్లించుకుని బండిని పక్క వరుసలోకి తిప్పేసింది.

మార్చిలో మొదలైన ఈ తంతు నవంబరు దాకా సాగింది. ఆ చివరి గురువారం ఇడా డబ్బా నిండా లామింగ్టన్ కేకులు తెచ్చింది.

"ఏమిటీ సంబరం? సున్నా నుంచి లెక్కపెట్టడం వచ్చేసిందా?" ఒక కేకు నోట్లో వేసుకుంటూ అడిగాడు క్లైవ్.

"ఉద్యోగం వచ్చింది నాయనా. డార్విన్ నగరంలో. వానల లెక్కలు చూసే ఆఫీసులో ప్రోగ్రాములు రాయాలిట."

క్లైవ్‌కి పొలమారింది. "మీకా!"

"నాకెవరిస్తారు? అసలా ప్రశ్నలు నావి కావు. నా స్నేహితురాలివి. నువ్వు చెప్పిందల్లా రాసుకెళ్ళి తనకి ఇచ్చేదాన్ని. ఇందాకే విమానం ఎక్కించి వస్తున్నా."

"ఆవిడే వచ్చి అడగొచ్చుగా?"

"నువ్వు నవ్వుతావని భయం."

"నవ్వనా మరి? ఇంత మొద్దుని నేనెక్కడా చూడలేదు. ఆవిడతో కాపురం చేసేవాడెవడో గానీ, వాడి ఓపికకి దణ్ణం పెట్టాలి!"

ఇడా అతని వంక ఒక్క క్షణం చూసింది. సంచిలోంచి ఎనిమిది నెలల కాగితాలూ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవి నీకిచ్చెయ్యమంది," అని లేచి వెళ్ళిపోయింది.

క్లైవ్ ఇంకా నవ్వుతూనే పై కాగితం మడత విప్పాడు.

ఆ ప్రశ్నల చేతిరాత అతని భార్యది.