కార్ల మేస్టారి టెస్ట్ డ్రైవ్

“తాళం తీసుకోండి మేస్టారూ. తమరే నడపాలి,” అన్నాడు షోరూం సేల్స్‌మన్ బుల్లిబాబు.

జగదీశ్వరరావు రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు. ఎదురుగా, సరిగ్గా ఆయన గుమ్మం ముందు, నర్సీపట్నం ఆదివారపు ఎండలో కొత్త కారు తళతళలాడుతోంది. షోరూం డ్రైవరు దాన్ని సందులో ఆపేసి, ఇంకో పార్టీ కోసం బైకు మీద వెళ్ళిపోయాడు. గంటకి గానీ తిరిగి రాడు.

కార్ల గురించి జగదీశ్వరరావుకి తెలియనిది లేదు. హైస్కూల్లో చెప్పేది లెక్కలే అయినా, వీధిలో ఆయన పేరు కార్ల మేస్టారు. ఆయన్ని అడక్కుండా అక్కడెవరూ టైరు కూడా మార్చరు.

“పైకప్పుకి అద్దమేటిరా? మన ఎండలకి నెత్తిన పెనం బోర్లించుకున్నట్టే!” అని ఎదురింటి సత్తిరాజుని ఆపింది ఆయనే. “ఏసీ తగ్గించడానికి తెర మీద ఏలెట్టి ఎతుక్కునేలోగా కారు గోతిలో ఉంటాది. తిప్పుకునే బొత్తామున్న కారే కొను. గీత దాటితే కారే సెప్తాదట! మన రోడ్డు మీద గీతెక్కడుందిరా దాటడానికి?” అన్నదీ ఆయనే. ఆరు ఎయిర్‌బ్యాగులు, లంబసింగి ఘాటెక్కినా అడుగు తగలనంత ఎత్తు, డిక్కీలో నిఖార్సయిన స్టెప్నీ. ఈ మూడూ లేనిది ఆయన దృష్టిలో కారు కాదు, పెళ్ళిపల్లకీ.

ఇంత తెలిసిన ఆయనకి రానిది ఒక్కటే. డ్రైవింగ్.

పదిహేనేళ్ళ కిందట స్నేహితుడి కారెక్కి, చెరకు తోటలోకి ఇటునుంచి దూసుకెళ్ళి, అటునుంచి నడిచి బయటికొచ్చాడు. అంతే, మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. అంతకుముందే బ్రోకరు చేయించిపెట్టిన లైసెన్సు మాత్రం బీరువాలో భద్రంగా ఉంది. ఈ రహస్యం భార్య రోజారమణికి కూడా తెలియనివ్వలేదు. ఆమె కారు కొందామన్నప్పుడల్లా ఒక్కో కారుకీ ఒక్కో వంక పెట్టి, ఎనిమిదేళ్ళలో పదకొండు కార్లని తిప్పికొట్టాడు. పన్నెండోదాన్ని ఆమె చెప్పాపెట్టకుండా ఇంటికే రప్పించింది.

“లైసెన్సు కాపీ లేకుండా బండెలా ఇస్తావయ్యా? నాదెక్కడో పడిపోయింది,” అంటూ ఆఖరి అస్త్రం వదిలాడు జగదీశ్వరరావు.

“కాపీ మేడంగారు నిన్ననే మా ఆఫీసుకి పంపీసారండి.”

బీరువా తాళం ఆమె దగ్గరే ఉంటుందని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది.

రోజారమణి గుమ్మంలోకి వచ్చింది. “బుల్లిబాబు గారూ, ముందు సీటు పైకి లేస్తాదాండీ? రోడ్డు బాగా కనబడాలి. ఎనక కెమెరా ఉందా?”

“కారు కొంటన్నావా, సినిమా టికెట్టు కొంటన్నావా?” అని నవ్వాడు జగదీశ్వరరావు. “ఎనక సూడ్డానికి నేన్లేనేటి?”

ఈమధ్య ఆమె మాటలు ఆయనకి అంతుబట్టడం లేదు. రెండు నెలలుగా తెల్లారగానే బూట్లు వేసుకుని, డ్రైవింగ్ స్కూలు కార్లు తిరిగే కాలేజీ గ్రౌండుకి వాకింగుకి పోతోంది. “ఒక్క కిలో అయినా తగ్గావా?” అని ఎగతాళి చేస్తే, “ఒళ్ళు తగ్గలేదండీ, బయం తగ్గింది,” అంది. షుగరు వస్తుందన్న భయం కాబోలు అనుకున్నాడు.

కారు వెనక హారను మోగింది. గ్యాసు బండల ఆటోలోంచి సింహాద్రి తల బయటపెట్టాడు. “మేస్టారూ, బేగి తియ్యండి బాబూ! బండలు ఎండకి కాగిపోతన్నాయి!”

వీధి వీధంతా అరుగుల మీదికొచ్చింది. ఇక తప్పదు. జగదీశ్వరరావు దేవుడికి దండం పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. బుల్లిబాబు ఆయనకంటే ముందే ఎడమ సీట్లోకి దూరి బెల్టు బిగించేశాడు.

ఒక మీట తిప్పితే మండుటెండలో వైపర్లు ఆడాయి.

“అద్దం తుడుపు సూత్తన్నారు,” అన్నాడు సత్తిరాజు గర్వంగా.

ఇంకో మీట లాగితే పెట్రోలు మూత తెరుచుకుంది. ఆ కంగారులో మోచెయ్యి తగిలి హారను మోగింది.

“ఏదీ వదల్డం లేదమ్మా! నేర్పున్నోళ్ళ పరీచ్చ అలాగే ఉంటాది!” అంది పక్కింటి జోగులమ్మ.

జగదీశ్వరరావు అద్దాలు పైకెత్తేశాడు. “తమ్ముడూ, నీకు దండం పెడతాను. నాకు నడపడం రాదు. నువ్విటొచ్చి సందు సివరదాకా తీసుకెళ్ళు.”

బుల్లిబాబు మొహం పాలిపోయింది. “నాకూ రాదండి మేస్టారూ. ఉద్యోగంలో సేరి మూడు వారాలే. అందుకే తాళం ముందు కస్టమరుకిచ్చీసి ఇటేపు కూకుంటన్నాను.”

ఇద్దరూ బొమ్మల్లా ముందుకి చూస్తూ కూర్చున్నారు. ఆరు ఎయిర్‌బ్యాగుల్లో ఒక్కటి కూడా ఈ ప్రమాదానికి విచ్చుకోదని జగదీశ్వరరావుకి తెలిసిపోయింది. సింహాద్రి హారను ఆపడం లేదు. ఇన్నేళ్ళ పరువు ఇంకో నిమిషంలో వీధిన పడబోతోంది.

అద్దం మీద టకటకమని చప్పుడు. రోజారమణి. కొంగు బొడ్లో దోపుకుంది. కాళ్ళకి బూట్లు. ఈ ఎండలో వాకింగేమిటో ఆయనకి అర్థం కాలేదు. ఏం అబద్ధం చెప్పాలా అని వెతుక్కుంటూ ఉండగానే ఆమె తలుపు తెరిచింది. ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసి, వీధి వీధంతా వినపడేలా అంది:

“మీరెనకాల కూకుని సెక్ సెయ్యండి, నేను నడుపుతాను.”