సగంలో ఆగిన గీత

కంప్యూటర్ మళ్ళీ బిగుసుకుపోయింది. తెర మీద ఆకుపచ్చ గీత సగం దాకా పాకి ఆగింది. సాంసన్ మౌస్ ఎంత కదిపినా బాణం కదల్లేదు.

"అయ్యో, మళ్ల ఆగింది తమ్మీ! ఇది మూడోసారి" అంది జములమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

చీర అంచులకు డిజైన్లు గీయడానికి ఆమె భర్త కురుమూర్తి పదేళ్ల కింద కొన్న కంప్యూటర్ అది. ఇవాళ దాంతో పని చీర కాదు, కూతురు భవ్యశ్రీ ఊపిరితిత్తుల స్కాన్. కర్నూలులో తీసి సీడీ చేతికిచ్చారు. ఆ బొమ్మలు మధ్యాహ్నం పన్నెండు గంటల లోపల పంపితే, చూసి, పిల్లను చేర్చుకోవాలో వద్దో చెప్తానన్నాడు హైదరాబాద్ పెద్ద డాక్టరు. సీడీ పెట్టే చోటు ఈ పాత డబ్బాకే ఉంది. కురుమూర్తి నూలు కోసం అమరచింత పోయాడు. ఆమె ఒక్కతే, కంప్యూటర్లు బాగుచేసే సాంసన్‌ను పిలిపించుకుంది. అప్పటికే పదకొండు దాటింది.

తొమ్మిదేళ్ల పిల్ల. రెండు నెలలుగా ఆయాసం. మందు వేస్తే తగ్గినట్టే తగ్గి, మళ్ళీ పిల్లికూతలు. చలిగాలి తగలకుండా లోపలి గదిలో పడుకోబెట్టి తలుపు మూసింది. తలుపు అవతల దగ్గు వినపడినప్పుడల్లా ఆమె అటు తిరిగి చూస్తోంది.

"నా బిడ్డ బొమ్మల కాడికొచ్చే ఆగుతుంది. ఏమన్న చెడు జరుగుతదంటవా తమ్మీ?"

"డబ్బాకు నీ బిడ్డెవరో, నా బిడ్డెవరో ఏం తెలుస్తదక్కా? జర నిమ్మళంగ ఉండు."

"సీడీ పాడయిందేమో. మళ్ల తీయాలంటరేమో. మళ్ల సూదులు గుచ్చుతరేమో…"

"సీడీ మంచిగనే ఉంది." సాంసన్ డబ్బా మీద చెయ్యి పెట్టి చటుక్కున తీశాడు. "అబ్బ! పెనం లెక్క కాలుతుంది. ఇప్పి చూస్త."

"ఇప్పితే లోపలున్నయన్నీ పోతయేమో!"

"ఏం పోవు. నువ్వు గా స్టూలు మీద కూసో."

ఆమె కూర్చోలేదు. అతను కరెంటు తీసి, మరలు విప్పి, పక్క రేకు ఊడదీశాడు. చాలాసేపు లోపలికే చూస్తూ ఉండిపోయాడు.

"ఏందట్ల చూస్తున్నవు? చెప్పరాని రోగమా?"

ఫ్యాను రెక్కలకూ, దాని వెనక ఇనుప పలకల సందులకూ బూడిదరంగు జిగురు దట్టంగా పట్టి ఉంది. సాంసన్ వేలితో గీకి వాసన చూశాడు.

"అక్కా, సాంబ్రాణా?"

"అవును. శుక్రవారం మగ్గంకు ఏసేటప్పుడు దీనికి గూడ ఏస్త. అన్నం పెట్టేది గదా. ఈ మధ్య ఉండుండి ఆగుతుంటే, దిష్టి తగిలిందేమోనని రోజూ రెండు పూటలు ఏస్తున్న."

"మరి తగ్గిందా?"

"యాడ తగ్గిందయ్యా, ఇంకింత ఎక్కువైంది. గందుకే గిన్నె ఇంకా దగ్గర పెట్టి ఏసిన."

సాంసన్‌కు నవ్వు వచ్చింది గానీ ఆమె ముఖం చూసి మింగేశాడు. బ్రష్షు తీసి రెక్కా రెక్కా దులిపాడు. సందుల్లోని మసిని పుల్లతో గీకి, గుడ్డతో తుడిచాడు. మళ్ళీ స్విచ్చి వేశాడు. ఫ్యాను తేలిగ్గా తిరిగింది. తెర వెలిగింది. సీడీ మళ్ళీ మొదలుపెట్టగానే గీత కదిలింది. సగం దగ్గరికి వచ్చేసరికి జములమ్మ కళ్లు మూసుకుంది.

"కండ్లు తెరువక్కా. మొత్తం ఎక్కింది."

అతను టకటకా ఏవో నొక్కి బొమ్మలను డాక్టరుకు పంపాడు. పన్నెండుకు ఇంకా పది నిమిషాలున్నాయి. ఆమె రెండు చేతులూ జోడించింది.

"నీకు పుణ్యముంటది తమ్మీ. ఇంతకూ దానికి వచ్చిన రోగమేంది?"

"రోగం లేదు, దిష్టి లేదు. గాలి గుంజుకునేదాని కాడ పొద్దుమాపు పొగ పెడితే, లోపల పేరుకపోయి ఊపిరెట్లాడుతదక్కా? ఇంక పెట్టకు."

జములమ్మ చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి. మరుక్షణం లోపలి గది తలుపును భళ్లున నెట్టి, భవ్యశ్రీ మంచం కింద పొద్దున తనే పెట్టిన సాంబ్రాణి నిప్పుల గిన్నెను వట్టి చేతులతో ఎత్తుకుని వాకిట్లోకి పరిగెత్తింది.