టకర్ వదిలిన బంతి

ఆ ముసలాయన మళ్లీ వచ్చాడు. వరసగా ఇది ఆరో మంగళవారం.

గ్లెన్నాకు ఒళ్లు మండింది. కార్వర్ ఫాల్స్ ఊరి బేస్‌బాల్ జట్టు హెరాన్స్ చరిత్ర గదికి ఆమే అధికారి, ఆమే ఊడ్చే మనిషి. శనివారం డోయల్ రీవ్స్ ఆటకు అరవై ఏళ్లు నిండుతాయి. పని తల మీద కుప్పగా ఉంది.

ఆ రోజు తొమ్మిది ఇన్నింగ్సులూ రీవ్సే బంతి విసిరాడు. అవతలి జట్టు ఒక్క హిట్ కూడా కొట్టలేకపోయింది, అంటే తమ దెబ్బ బలంతో ఎవరూ తొలి మజిలీ అయిన బేస్ చేరలేదు. హెరాన్స్ చరిత్రలో అలాంటి ఆట అదొక్కటే.

అసలు బేస్ చేరిందే ఒకే ఒక్కడు. అదీ ఆర్లిస్ టకర్ అనే ఫీల్డర్ చేతికొచ్చిన బంతిని వదిలేయబట్టి. స్కోరు పుస్తకంలో అలాగే ఎక్కింది, ఫీల్డర్ తప్పు అని.

ఆ దరిద్రుడు పట్టి ఉంటే ఒక్కడూ బేస్ చేరని మచ్చలేని ఆట అయ్యేదని ఊరు ఇప్పటికీ పళ్లు నూరుతుంది. హోటల్లో ఎవరి చేతిలోంచి కప్పు జారినా "టకర్ చేశావా?" అంటారు.

శనివారం వచ్చే మొదటి వెయ్యి మందికి టకర్ బొమ్మ ఉచితం. తల ఊపితే కాళ్ల మధ్య నుంచి బంతి జారుతుంది.

"ఆ బొమ్మలు ఆపించమ్మా," అన్నాడు ముసలాయన. "బంతి నేల మీది రాయికి తగిలి అతని భుజం మీంచి ఎగిరిపోయింది. అది పట్టడం ఎవరి తరమూ కాదు. అది హిట్టే."

"హిట్ అని దిద్దితే రీవ్స్ రికార్డు ఏమవుతుంది?"

"పోతుంది."

ఎంత తేలిగ్గా అన్నాడో. మీకెలా తెలుసని మొదటి వారమే అడిగింది. మైదానంలోనే ఉన్నానన్నాడు. పేరు మాత్రం చెప్పలేదు. చెప్పేదేముంది, ఆమెకు అప్పుడే అర్థమైంది. పక్కవాడి కీర్తి తుడిచి తన మచ్చ కడుక్కుందామని వచ్చాడు.

ఆమె కడుపుమంట ఇంకొకటి. చెయ్యి దెబ్బతిని మరుసటి ఏడే ఊరు వదిలిపోయిన రీవ్స్ కోసం రెండేళ్లుగా వెతుకుతోంది. పన్నెండు చోట్లకు ఉత్తరాలు రాసింది, పన్నెండూ తిరిగొచ్చాయి. ఆ ఆట బంతి కోసం చేయించిన అద్దాల పెట్టె ఖాళీగా ఉంది. రావలసినవాడు రాడు, ఈయన మాత్రం వారం తప్పడు.

"చూడండి టకర్ గారూ," అంది, గొంతు పెరిగింది. "అరవై ఏళ్ల కిందట చెయ్యి జారింది. ఒప్పుకుంటే మీ సొమ్మేం పోయింది? ఇంకెప్పుడూ ఇక్కడికి రాకండి."

ఆయన ఖాళీ పెట్టె వంక కాసేపు చూసి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

శనివారం అరగంటలో బొమ్మలన్నీ అయిపోయాయి. జనం ఆ బొమ్మల తలలు ఊపి ఒకటే నవ్వు.

ఆట మధ్యలో ఎవరో కర్ర పట్టుకుని గదిలోకి వచ్చారు. ఆయనే అనుకుని గ్లెన్నా విసుగ్గా తలెత్తింది. వేరే మనిషి, పొట్టిగా, బట్టతలతో.

"నేను ఆర్లిస్ టకర్‌ని," అన్నాడు.

గ్లెన్నా లేచి నిలబడింది. "మరి మంగళవారాలు వచ్చే ఆయన?"

"వద్దురా అంటే వినలేదు. ఆ తప్పు నీ మీద ఉండగా నాకు నిద్ర పట్టదనేవాడు. పేరు చెబితే మీరు ఊరేగిస్తారు గానీ మాట వినరని భయం. మొన్న గురువారం గుండె ఆగి పోయాడు. ముందురోజే ఇది నా చేతికిచ్చి మీకిమ్మన్నాడు."

టకర్ జేబులోంచి గోధుమరంగుకు తిరిగిన పాత బంతి తీసి బల్ల మీద పెట్టాడు.

గ్లెన్నా దాన్ని వెలుతురుకు తిప్పి చూసింది. పాత తోలు మీద కొత్త సిరా అక్షరాలు: 'తొమ్మిది ఇన్నింగ్సులు, ఒక హిట్ ఇచ్చాను – డోయల్ రీవ్స్.'