ఇంటి ఆటగాడు

"అల్లుడైతే?" అన్నాడు వెంకట్రాం.

డోర్నకల్‌లో జరుగుతున్న సమావేశం ఆగిపోయింది. మూడు జిల్లాల ఫుట్‌బాల్ లీగ్ అధ్యక్షుడు ప్రేమ్‌చంద్ కళ్లద్దాలు తీశాడు.

"ఏంది సేట్? మళ్ల చెప్పు."

"జట్టు మొత్తం జీతాలు పరిమితి దాటొద్దంటిరి. యజమాని ఇంటి మనిషి జీతం లేకుండ ఆడితే లెక్కల రాడంటిరి. అల్లుడు ఇంటి మనిషేనా, కాదా?"

"ఇంటి మనిషే."

"అయితే మాన్‌సింగ్ ఎటూ పోడు. నా దగ్గర్నే ఆడుతడు."

భూపాలపల్లి జట్టు నడిపే లత లేచి నిలబడింది. "గిదేం న్యాయం సేట్? మొన్నటిదాంక పైసలు పెట్టి గెలిచినవ్. ఇప్పుడు బిడ్డను పెట్టి గెలుస్తవా?"

"బిడ్డకు లగ్గం చేస్తున్న. నువ్వు గూడ రా, బువ్వ తినిపో."

"పిల్లను అడిగినవా?"

"ఇంటికి పోయినంక అడుగుత."

జనగామ జట్టు వెంకట్రాందే. ఆయనది హోల్‌సేల్ కిరాణా వ్యాపారం. బాగా ఆడేవాళ్లను మిగతా జట్ల నుంచి ఎక్కువ జీతమిచ్చి తెచ్చుకున్నాడు. మూడేళ్లు వరసగా కప్పు కొట్టాడు. మూడో ఏడు ఫైనల్ చూడ్డానికి జనగామ వాళ్లు తప్ప ఎవరూ రాలేదు. ఎవరు గెలుస్తారో అందరికీ తెలుసు. అందుకే మిగతా జట్లు కలిసి జీతాలకు పరిమితి పెట్టాయి. పరిమితి పెట్టిన ఆ సమావేశానికి వెంకట్రాం తన తరఫున కూతురు సౌమ్యను పంపాడు. జట్టు వ్యవహారాలు చూసేది ఆమే. ఇంటి మనిషికి మినహాయింపు ఒక్కటే ఆమె సాధించుకొచ్చింది. సేట్ ఇంట్లో బంతి తన్నినవాడు లేడు కాబట్టి అందరూ నవ్వుతూ ఒప్పుకున్నారు.

కొత్త పరిమితిలో జట్టులో మేటి ఆటగాడు మాన్‌సింగ్ జీతం పట్టడం లేదు. భూపాలపల్లి వాళ్లు రమ్మంటున్నారు. పేర్లిచ్చే గడువు నెలాఖరు.

వెంకట్రాం ఇంట్లో అడుగుపెడుతూనే సంగతి చెప్పాడు. భార్య శారద గరిటెతోనే వంటింట్లోంచి బయటికొచ్చింది.

"నీ తమ్ముని కొడుకు వేరే కులం పిల్లను చేసుకుంటే ఆ లగ్గానికి నన్ను గూడ పోనియ్యలే. మాన్‌సింగ్‌ది లంబాడి తండా."

"గోల్ కొట్టేటోనికి కులమేంది?"

శారద వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

సౌమ్య తలెత్తింది. "ఎవరు నాయినా? ఎడమ కాలుతో కొట్టేటాయనా?"

"ఆయనే. బుద్ధిమంతుడు. పొద్దున ఫోన్ చేసి అడిగిన, ఒక్క మాటకే సరే అన్నడు. జీతం గూడ వద్దన్నడు. జర ఒప్పుకో బిడ్డా."

"ఒక మాటియ్యాలె. ఓడినా గెలిచినా ఆయన్ని అల్లునిలెక్కనే చూడాలె. తర్వాత కులం, తండా అనొద్దు."

"నీ మీద ఒట్టు."

"సరే నాయినా. నీ కోసం."

వెంకట్రాం కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

చిల్పూరు గుట్ట మీద గుడిలో పెళ్లయింది. లత వచ్చి బువ్వ తిని, "మైదానంల చూసుకుందాం సేట్" అని వెళ్లింది.

చూసుకున్నారు కూడా. పరిమితి పుణ్యమా అని ఈసారి ఏ జట్టూ అలవోకగా గెలవలేదు. జనగామ రెండుసార్లు ఓడి, కిందా మీదా పడి ఫైనల్ చేరింది. అవతల భూపాలపల్లి. డోర్నకల్ మైదానం నిండిపోయి జనం గోడలెక్కారు.

విరామానికి చెరొక గోల్. భూపాలపల్లి వాళ్ల బంతి గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది. వెంకట్రాం గుండె పట్టుకున్నాడు. మూడు కప్పులు గెలిచినప్పుడూ ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఈ రోజు కూర్చోలేదు.

"కొట్టురా అల్లుడా! కొట్టు!"

మాన్‌సింగ్ ఇద్దరిని తప్పించాడు. మూడోవాడు కాలు అడ్డం పెట్టేలోపు ఎడమ కాలుతో కొట్టాడు. బంతి వలలో పడింది.

ఆట ముగిసిన ఈల మోగింది. మైదానంలోకి ఉరికిన జనంలో వెంకట్రాం ఒక చెప్పు పోగొట్టుకున్నాడు. లత ఎదురొచ్చింది.

"ఓడినం గని, ఇదీ ఆటంటే. నిజం చెప్పు సేట్, గిట్ల గెలుస్తేనే మజా లేదా?"

"ఉన్నది లతమ్మా, ఉన్నది!" గొంతు పోయింది ఆయనకు. "వచ్చే ఏడు గూడ ఇదే పరిమితి ఉండనీ!"

మాన్‌సింగ్ తల్లి గంగి జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది.

"చూసినవా చెల్లే, నా అల్లుణ్ని?" అన్నాడు వెంకట్రాం. "లగ్గమైనంక ఆయన ఆటనే మారిపోయింది!"

"పోయినేడు రిజిస్టర్ ఆఫీసుల వీళ్లిద్దరి పెండ్లప్పుడు గూడ నువ్వుంటే ఎంత బాగుండె అన్నా!"