ముగ్గు లేని వాకిలి

సముద్రం మింగేసిన గంగమ్మపేట ఇప్పుడు ఒక వీడియో గేములో మాత్రమే ఉంది. చెదిరిపోయిన ఊరివాళ్లంతా అందులోనే కలుసుకునేవాళ్లు. పునరావాస కాలనీలో మూడో అంతస్తున ఉండే నూకాలు రోజూ తెల్లారగానే గేము కళ్లజోడు పెట్టుకుని అందులోని తన ఇంటికి వెళ్లేది, వాకిట్లో ముగ్గేసి వచ్చేది.

పోయిన సోమవారం ఆ గేమును ఆన్‌లైన్‌లో గేములు ఆడనిచ్చే ఒక స్టోరు తనకొక్కదానికే దక్కేలా కొనేసింది. ఈ కాలనీకి ప్రభుత్వం ఇచ్చింది వేరే స్టోరు. ఇంటికి ఒకటే స్టోరు, అయిదేళ్ల దాకా మార్చడానికి లేదు. నూకాలుకి ఇక ఆ గేము తెరుచుకోలేదు.

"వాకిట్లో ముగ్గు లేపోతే నేను పోయాననుకుంటారే," అని నూకాలు మూడు రోజులు సణిగింది.

"గేమే కదత్తా," అంది కోడలు లోవ.

నాలుగో రోజు లోవ, ఇంట్లో ఆ స్టోరు ఉన్న తన చెల్లెలిని అడిగి గేములోని వాకిలి ఫొటో తెప్పించింది. గుమ్మం ముందు ఊరివాళ్లు దీపం పెట్టారు. ఎదురింటి అప్పాయమ్మ పక్కనే కూర్చుని ఏడుస్తోంది.

నూకాలు ఫోను లాక్కుని దీపాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసింది.

"బతికే ఉన్నావని చెప్పిస్తానత్తా."

"చెప్పినా, అయిదేళ్లదాకా మళ్లీ ఎళ్లేదెలాగే," అంది నూకాలు. "దీపం గాలికి ఆరిపోద్ది. తలుపు చాటుకి జరపమను, చాలు."