గడప మీద బూరె

కుక్కలన్నిటికీ మాట్లాడే మెడపట్టీలు వచ్చి ఐదేళ్ళయింది. వరహాలమ్మ పెంచుకునే బూరె మాత్రం ప్రతి శనివారం పొద్దున్నే ఒకటే మాట అనేవాడు: "పొట్ట దురద."

ఆమె చికెన్ మానిపించింది. గోమార్ల కోసం ఒళ్ళంతా వెతికింది. వేపాకు కాచిన నీళ్ళు పోసింది. ఎర్రటి పొక్కులు వారమంతా తగ్గి, మళ్ళీ శనివారానికి లేచేవి. చివరికి పశువుల డాక్టరు సుగుణకు చూపించింది.

డాక్టరు బూరె పొట్టను దూదితో తుడిస్తే దూదికి పసుపుపచ్చటి మరక అంటింది.

"శుక్రవారం గడపకేం రాస్తారండీ?"

"ఇంకేటి, పసుపే. నిజం పసుపు ఇప్పుడెక్కడ దొరుకుద్దమ్మా, సీసాల్లో వచ్చే రంగే."

"ఆ రంగే పడట్లేదు. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, ఆరాక ఈ మందు రాయండి. గడప మీద పడుకోనివ్వకండి."

ఇంటికొచ్చాక వరహాలమ్మకు కోపం ఆగలేదు. "మెత్తటి పరుపు కొన్నాను గదరా! దురదెడతాదని తెలిసీ ఆ గడప మీదే ఎందుకు పడుకుంటావు? సెప్పు!"

మెడపట్టీ కాసేపు గరగరలాడింది.

"పరుపు మీంచి నువ్వు దిగే బస్సు కనపడదు."

ఆమె బూరె పొట్ట కడిగి, ఆరాక మందు రాసింది.

తరవాతి శుక్రవారం ఆమె గడపకు రంగు రాయలేదు. మంచినీళ్ళతో కడిగి, శుభ్రంగా తుడిచి వదిలేసింది. పక్కింటావిడ చూసి నొచ్చుకుంది.

"శుక్రవారం పూటా గడప బోసిగా ఉందేటమ్మా?"

"బోసిగా ఎక్కడుంది?" అంది వరహాలమ్మ. "మా బూరె ఉన్నాడు గదా."