వదిలేసిన వైపు

"ఎర్ర తాడు కట్టిన వైపు మందు వేశాం. ఇటు వైపు రెండు వందల మొక్కలూ వదిలేయండి. రోగమొచ్చినా, చచ్చినా సరే," అన్నాడు వ్యవసాయ శాఖ లూ సార్.

మందంటే నిజంగా మందు కాదు. బొప్పాయిని చంపే వైరస్‌కే బలం తగ్గించి, ఆ పసరు లేత ఆకుల మీద రుద్దారు. అది ఒంట్లో చేరితే అసలు రోగం దరిచేరదట. చదువుకున్నవాళ్ల లెక్క అది.

"పెంచి చంపుకోవడమేంటి సారూ?" అంది ఫెంగ్-చియావ్.

"తేడా కనబడాలి కదమ్మా. కనబడితేనే పైవాళ్లు ఊరందరికీ ఇస్తారు."

నిరుడు ఆమె ఇదే రోగం తగిలిన ఎనిమిది వందల చెట్లు తన చేత్తోనే నరికి తగలబెట్టింది. ఆ దెబ్బకి ఊళ్లో ఇంకెవరూ బొప్పాయి వేయలేదు. ఆమె తమ్ముడు చెంగ్-ఫు మాత్రం దున్నిన పొలం అలాగే ఉంచుకుని ఎదురుచూస్తున్నాడు. అక్క తోటలో ఈ మందు పరీక్ష నెగ్గితే బొప్పాయి వేస్తాడు. లేదంటే పొలం అమ్మేసి, కావ్‌శ్యుంగ్ రేవులో పాత ఓడలు పగలగొట్టే పనికి పోతాడు. ఆ పనికి పోయి వేళ్లు పోగొట్టుకుని వచ్చినవాళ్లు ఊళ్లో ఇద్దరున్నారు.

రోజూ గట్టు మీదికొచ్చి అడిగేవాడు. "ఏంటక్కా, నీ అనాథలు ఇంకా చావలేదా?"

"నోట్లో వక్క ఉందిగా, నములుకో," అనేది ఆమె.

ఎనిమిది నెలలకు లూ సార్ మళ్లీ వచ్చాడు. వరుస వరుసా తిరిగాడు. అటూ కాయలే, ఇటూ కాయలే. ఆకుల మీద అక్కడక్కడా లేత మచ్చలు, అంతే.

"ఈ ఏడు రోగమే నీరసంగా వచ్చింది. రెండు వైపులా ఒకటే. మా మందు వల్ల ఒరిగిందేమీ లేదని రాయాలి. ఇక పథకం ఎత్తేస్తారు," అన్నాడు.

చెంగ్-ఫు నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "పోనీలే అక్కా, నీ చెట్లన్నా బతికాయి. నా పొలానికి బేరం వచ్చింది. సోమవారం సంతకం పెట్టేస్తా."

లూ సార్ కాగితం చూపిస్తే ఫెంగ్-చియావ్ దాని మీద సంతకానికి బదులు తన పేరు ముద్ర వేసింది. రెండు పండ్లు కోసి అతని చేతిలో పెట్టింది.

వదిలేయమన్న ఆ రెండు వందల మొక్కలకూ, ఎనిమిది నెలల కిందట, తాడు కట్టిన వైపు ఆకులు తెచ్చి నలిపి, ఒక్కొక్కదానికీ ఆ పసరు రుద్దింది ఫెంగ్-చియావే.